‘నూ’ తీసేసిన పాట

కర్నూలు,
ఏప్రిల్ 6.

ప్రియమైన మద్దిలేటికి,

మొన్న నాలుగో తేదీ సాయంత్రం మా పేట గాయక బృందం మార్టిన్ లూథర్ కింగ్ స్మృతికి అంకితంగా జరిపిన పాటకచేరీకి నీవు రాలేకపోయావన్న వెలితి నాకు ఇంకా తీరలేదు. ఫోనులో రెండు ముక్కలు చెబితే తనివి తీరదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏప్రిల్ 5న జగ్జీవన్ రామ్, 11న ఫూలే, 14న అంబేద్కర్ జయంతులు ఉండగా ఈ అమెరికా నాయకుడెందుకని కొందరు అడిగారు. వారికి నేను మెంఫిస్ సంగతి చెప్పాను. 1968 ఫిబ్రవరి 1న ఆ నగరంలో వానకు చెత్త లారీలో తలదాచుకున్న ఇద్దరు నల్లజాతి కార్మికులు, చెత్తను అదిమే యంత్రం ఉన్నట్టుండి కదలడంతో అందులో నలిగి చనిపోయారు. ఆ నెల 12 నుంచి దాదాపు 1,300 మంది పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. వారికి అండగా వెళ్లిన కింగ్ ఏప్రిల్ 4న అక్కడే, బస చేసిన మోటెల్ బాల్కనీలో తుపాకి గుండుకు బలయ్యారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లే. అంతకు కాసేపటి ముందే, ఆ రాత్రి సభలో తనకెంతో ఇష్టమైన భక్తిగీతాన్ని వాయించమని ఒక సంగీతకారుణ్ణి అడిగారు.

మా బృందంలోని ఇరవై రెండు మందిలో తొమ్మిది మంది తెల్లవారకముందే చీపుర్లతో వీధుల్లోకి వచ్చే ఆడవాళ్లు. 2009 అక్టోబరు వరద తగ్గాక మన ఇళ్ల ముందు పేరుకున్న బురదను ఎత్తిపోసిన ఈరమ్మక్క నీకు గుర్తుండే ఉంటుంది. చదువు రాకపోయినా ఆమె పాటంతా చెవితోనే పట్టింది; చీపురు రాపిడికి కాయలు కాచిన అరచేతితో మోకాలి మీద తాళం వేసుకుంటూ, ఒక్క చరణం కూడా తప్పలేదు.

అసలు సంగతి ఇక్కడుంది. మెంఫిస్ కార్మికులు ‘ఐ యామ్ ఎ మ్యాన్’ (నేను మనిషిని) అన్న అట్టలు పట్టుకొని నడిచారు. తల నెరిసిన నల్లవాణ్ణి సైతం ‘అబ్బీ’ అన్నట్టు పిలిచే చోట, అది ‘నేను మగవాణ్ణి, పెద్దవాణ్ణి’ అని చెప్పడం కూడా. తెలుగులో ‘మనిషి’ ఆడామగా ఇద్దరికీ చెల్లుతుంది కనుక మన అక్కలు ఆ మాటను తమదిగానే పాడుకోగలిగారు. అయితే మా హార్మోనియం మాస్టరు మొదట పల్లవిని ‘నేనూ మనిషినే’ అని కట్టారు. రెండో రోజు సాధనలో ఈరమ్మక్క పాట ఆపి, “ఆ ‘నూ’ ఎందుకు సారూ? వాళ్ల ఎనకాల నిలబడి అడుక్కున్నట్టుండాది. నేను మనిషిని అంటే సాలదా?” అన్నది. మాస్టరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్ను తీసి ఆ ‘నూ’ను, చివరి ‘నే’ను కొట్టేశారు. మాత్రలు తగ్గినందున వరస మళ్లీ కట్టవలసి వచ్చింది. ఇన్నేళ్లుగా తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఆ చిన్న అక్షరంలోని బరువు తట్టనందుకు నిజంగా సిగ్గుపడ్డాను.

కచేరీలో ఆఖరి చరణం వచ్చేసరికి మాస్టరు హార్మోనియం ఆపి, డోలక్ వాయించే కుర్రవాడికీ సైగ చేశారు. ఆ తొమ్మిది మంది వట్టి గొంతులతో ‘నేను మనిషిని’ అని మూడుసార్లు పాడారు. నా మనవడు దానిని ఫోనులో రికార్డు చేశాడు, నీకు పంపిస్తాను. మూడోసారి ఈరమ్మక్క గొంతు ‘మనిషి’ దగ్గర ఎంతసేపు నిలిచిందో శ్రద్ధగా విను.

నీ
ఓబులేసు