ఏటిలో వదలమన్నావు గనుక

బరంపురం

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అమ్మకు కూడా చదివి వినిపించాను. చేపలను అద్దాల పెట్టెలో పెట్టుకుని చూసి ఆనందించడం హింసేననీ, పదిహేడేళ్లుగా నేను చేస్తున్నది అదేననీ, ఇకనైనా వాటిని తీసుకెళ్లి ఋషికుల్య ఏటిలో వదిలిపెట్టమనీ రాశావు. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చిన మాట నిజమే. రెండోసారి చదివేసరికి, నువ్వడిగిన వాటిలో చాలావాటిని నన్ను నేనే ఎప్పుడో అడిగి ఉండవలసిందనిపించింది. అందుకే ఫోనులో రెండు మాటలతో తేల్చేయకుండా తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నీకు గుర్తుండదు గానీ, 2008లో నీ ఐదో పుట్టినరోజుకి గుండ్రటి గాజు గిన్నెలో రెండు గోల్డ్‌ఫిష్‌లను తెచ్చాను. నీళ్లు మురికిగా కనబడకూడదని రోజూ మొత్తం పారబోసి, అడుగున వేసిన రంగురాళ్లను సబ్బుతో తోమి, కుళాయి నీళ్లు నింపేవాణ్ణి. తొమ్మిదో రోజుకి రెండూ చనిపోయాయి. బాగా చూసుకుంటున్నాననుకుంటూనే వాటిని చంపానని తర్వాత తెలిసింది. చేప మొప్పల గుండా వదిలే అమ్మోనియా దానికే విషం. ఫిల్టరులోనూ రాళ్ల మీదా పెరిగే బాక్టీరియా ఆ అమ్మోనియాను మొదట నైట్రైటుగా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. అది నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేనేమో దాన్ని రోజూ కడిగి పారేస్తూ, పైగా క్లోరిన్ కలిసిన నీళ్లు పోస్తూ వచ్చాను. అమ్మోనియా కంటికి కనబడదు కాబట్టి, నీళ్లు తేటగా ఉండగానే చేపల మొప్పలు కాలిపోతుంటాయి. సరిగా పెంచితే పదేళ్లకు పైగా బతికే చేప అది. గుండ్రటి గిన్నెల్లో గోల్డ్‌ఫిష్‌ను ఉంచడాన్ని రోమ్ నగరం 2005లోనే నిషేధించిందని చాలాకాలానికి చదివాను. ఇప్పటికీ మన ఊళ్లో పిల్లల కానుకలుగా ఆ గిన్నెలు అమ్ముడుపోవడం చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. గిన్నెల విషయంలో నీతో నాకు పేచీ లేదు.

చేపకు నొప్పి తెలియదన్న మాట చేపలు పెంచే మాలో కొందరు ఇంకా అంటూనే ఉంటారు. నొప్పిని అనుభవించడానికి కావలసిన నియోకార్టెక్స్ అనే మెదడు పొర చేపకు లేదు కాబట్టి దానికి ఆ అనుభవమే ఉండదని జేమ్స్ రోజ్ అనే అమెరికా శాస్త్రవేత్త 2002లో వాదించాడు. మరుసటి ఏడాదే స్కాట్లాండులో లిన్ స్నెడన్, ఆమె సహచరులు ట్రౌట్ చేపల పెదవుల్లోకి కొన్నిటికి తేనెటీగ విషం, కొన్నిటికి ఆమ్లం ఎక్కించి చూశారు. ఆ చేపలు అటూ ఇటూ ఊగాయి, ఆమ్లం ఎక్కించినవి పెదవులను అడుగునున్న గులకరాళ్లకు రాసుకున్నాయి, దాదాపు మూడు గంటలపాటు మేత ముట్టలేదు. శాస్త్రవేత్తల మధ్య ఆ వాదం ఇంకా తెగలేదు. నాకు మాత్రం నా కళ్లతో చూసింది చాలు. బాధలో ఉన్న చేప రెక్కలు ముడుచుకుని, రంగు వెలిసిపోయి, మొప్పలు గబగబా కొట్టుకుంటూ ఒక మూలకు చేరుతుంది. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా జంతువు అన్న మాటకు మనిషి తప్ప ప్రాణమున్న ఏ జీవైనా అని అర్థం చెప్పింది. అందులో చేప కూడా ఉన్నట్టే.

ఆదివారం పూట అక్వేరియం దుకాణం దగ్గర కలిసే మా ఐదారుగురి ముందు నీ ప్రశ్నలు పెట్టాను. గోపాలపూర్ ఒడ్డున రోజూ వలల్లో కొట్టుకుని చచ్చే చేపల గురించి మాట్లాడని వాళ్లు, వేళకు మేత పెట్టి పెంచే మన మీద పడతారేమని ఒకాయన అన్నాడు. నువ్వు చేపల కూర మానేసి రెండేళ్లయింది కాబట్టి ఆ మాట నీకు తగలదు. తగిలినా, పక్కవాడి తప్పు చూపిస్తే మన తప్పు మాసిపోదు. ఏటిలో ఉంటే ఏ కొంగో మింగేది, ఇక్కడ నిశ్చింతగా ఉంది కదా అని ఇంకొకాయన వాదన. అలా అయితే ఎవరినైనా బంధించి, బయట ఆపదలున్నాయని చెప్పవచ్చు. గుడ్లు పెడుతున్నాయంటే సుఖంగా ఉన్నట్టే కదా అన్న మాటను నేను కూడా ఏళ్ల తరబడి అన్నాను. ఇనప బోనుల్లో కోళ్లు కూడా గుడ్లు పెడతాయి, ఇక ఆ మాట అననమ్మా.

ఒక రిటైర్డ్ మాస్టారు చెప్పింది మాత్రం నన్ను ఆలోచింపజేసింది. చేపను దగ్గరగా చూసి ఎరగనివాడు ఏరు ఎండిపోతున్నా పట్టించుకోడని ఆయన నమ్మకం. నా విషయంలో అది నిజమే. ఇంట్లో చారల డానియోలను పెంచిన తర్వాతే, అవి మన దేశపు ఏరుల్లో పుట్టిన చేపలని తెలిసి, వంతెన మీద ఆగి కిందికి చూడడం అలవాటైంది. అయితే ఆ లాభం నాకు దక్కింది, తొట్టిలో ఉన్న చేపకు దక్కలేదు. వాటిని ఎవరి కోసం ఉంచుకున్నావు నాన్నా అని నువ్వడిగావు కదా, నా కోసమే ఉంచుకున్నాను.

నువ్వు రాసినదానికంటే వ్యాపారంలో జరిగేది ఇంకా ఘోరం. మన చెరువుల్లో దొరికే ఒక చిన్న చేప శరీరం అద్దంలా ఉండి లోపలి ముళ్లు కనబడతాయి. దానికి సూదితో రంగు ఎక్కించి, గులాబీ, ఆకుపచ్చ చారలు తెప్పించి డిస్కో చేప అని అమ్మేవారు. దానిమీద ప్రాక్టికల్ ఫిష్‌కీపింగ్ అనే ఇంగ్లండు పత్రిక 1996లో ఉద్యమం మొదలుపెట్టింది, అది మావంటి చేపల పెంపకందార్లు చదువుకునే పత్రికే. సముద్రపు చేపల్లో చాలా భాగం అడవి పిట్టల్లాగా పట్టి తెచ్చినవే, కొన్నిచోట్ల వాటిని పగడపు దిబ్బల్లో సైనైడు చల్లి మత్తెక్కించి పడతారు. పడమటి కనుమల ఏరుల్లో మాత్రమే ఉండే మిస్ కేరళ అనే అందమైన చేప, ఎగుమతుల కోసం ఎడాపెడా పట్టడం కూడా ఒక కారణంగా, అంతరించే ప్రమాదమున్న జాబితాకెక్కింది. ఏటిలోనో సముద్రంలోనో పట్టిన చేపను, రంగు వేసిన చేపను ఈ ఇంటికి ఇక తీసుకురానని మీ అమ్మ ఎదుట మాట ఇచ్చాను.

కానీ అద్దం వెనక ఉంచడమే పాపమన్న మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను. మన ఏంజెల్ చేపల పూర్వీకులు అమెజాన్ నదివే అయినా, ఇవి తరతరాలుగా తొట్లలో పుట్టి, సంచుల్లో ఆక్సిజన్ నింపుకుని కలకత్తా రైల్లో వచ్చినవి. మొన్న ఆ జంట ఫిల్టరు గొట్టం మీద గుడ్లు పెట్టింది. ఒకటి మేతకు వెళితే రెండోది రెక్కతో గుడ్లకు నీళ్లు విసురుతూ కూర్చుంది, బూజు పట్టి తెల్లబడిన గుడ్డును మాత్రం నోటితో ఏరి తీసేసింది. అది సుఖానికి సాక్ష్యమని చెప్పడం లేదు. ఆ జాతి చేప చేసుకునే పనులన్నీ చేసుకోవడానికి ఆ మూడడుగుల తొట్టిలో వీలుందా లేదా అన్నదే నేను చూసే లెక్క. ఏంజెల్ జంటకు ఉంది. షార్కు పిల్ల అని అమ్మే పంగాస్‌కు లేదు, అది మీటరు దాటి పెరుగుతుంది.

మన తొట్టిలో ఉన్న సక్కర్ చేపకు కూడా ఆ వీలు లేదు. ఇప్పుడు దాని సంగతే రాయాలి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు నీకు పదేళ్లు. కరెంటు పోయింది, ఎయిర్ పంపు ఆగింది. తెల్లవారుజామున చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరిచి నీటి అంచున ఆయాసపడుతుంటే, నువ్వు టార్చి పట్టుకున్నావు, నేను మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ కూర్చున్నాను. అలా పగలూ రాత్రీ వంతులు వేసుకుని పోసినా పద్నాలుగింటిలో ఐదు చనిపోయాయి. అవి పారిపోవడానికి దారి లేనిచోట ఉంచింది నేనే. నీ ఉత్తరం చదివాక ఆ రాత్రి నాకు వేరేగా కనబడింది. సక్కర్ మాత్రం గాలిని నేరుగా మింగి బతకగలదు కాబట్టి నిబ్బరంగా ఉంది. అద్దం శుభ్రం చేస్తుందని దుకాణంవాడు చెబితే రెండంగుళాలున్నప్పుడు తెచ్చాను. ఇప్పుడు అడుగు దాటింది, తిరగాలంటే తోక అద్దానికి తగులుతోంది.

దాన్ని ఏటిలో వదలలేను తల్లీ. అది దక్షిణ అమెరికా చేప. ఇలా జాలిపడి వదిలినవే మన కాలువల్లో పెరిగి, గట్లకు బొరియలు చేసి, జాలర్ల వలలు చింపుతున్నాయి. ఆంధ్రాలో వాటిని దెయ్యం చేపలని తిడుతున్నారు. ఆ తిట్టు తినవలసింది చేప కాదు. ఒక ప్రాణికి స్వేచ్ఛ ఇచ్చామన్న తృప్తి కోసం ఋషికుల్యలో ఉన్న మన చేపల బతుకు పాడుచేయడం నువ్వు కోరుకునేది కాదని నాకు తెలుసు. బతికినన్నాళ్లూ దాని భారం నాది.

అందుకే పెరట్లో జామచెట్టు పక్కన ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతుతో సిమెంటు తొట్టి కట్టిస్తున్నాను. కొత్త సిమెంటు సున్నం నీళ్లలోకి దిగుతుంది కాబట్టి అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టి, నాలుగైదుసార్లు నీళ్లు మార్చాలి. దసరా సెలవులకు నువ్వు వచ్చేనాటికి సిద్ధమవుతుంది. సక్కర్‌ను మార్చడానికి వల వాడకూడదు, దాని రెక్కల ముళ్లు వలలో చిక్కుకుని విరుగుతాయి. నేను నీళ్లలోనే దాన్ని నెమ్మదిగా తోలుతాను, టబ్బు నువ్వు పట్టుకోవాలి.

ఇట్లు
మీ నాన్న