సారె డబ్బాల మీద ధర స్టిక్కర్లు

అంబాజీపేట

ఒరేయ్ సత్తిబాబూ,

నీ ఫోన్ వచ్చినప్పుడు బస్సులో ఉన్నాను, ఆ రొదలో సగమే వినపడింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అమ్మాయి సారెకి ప్లాస్టిక్ డబ్బాలన్నీ కొనేశారు, బాగానే ఉంది. మూత మీద సరిగ్గా నడిమధ్యలో ధర స్టిక్కర్ అంటించిన మహానుభావుడెవడో గానీ, వాడికి మన సారెల సంగతి తెలీదు. ఎన్ని కాజాలు, సున్నుండలు పంచినా వియ్యాలవారి వీధిలో ముందు చదివేది ఆ ధరే. వాటిని మరక లేకుండా ఎలా పీకాలా అని చెల్లెమ్మ టెన్షన్ పడుతోందంటే పడదూ మరి!

ముందుగా, పీచుని ఆ డబ్బాల దరిదాపులకి రానివ్వకండి. కొబ్బరి పీచైనా సరే, స్టీలు పీచైనా సరే. మన ఇళ్లల్లో ఏది తోమాలన్నా చెయ్యి దాని మీదకే పోతుంది. ఇత్తడి బిందెకి పర్లేదు గానీ, ప్లాస్టిక్ మీద గీత పడితే మళ్లీ పోదు. ఆ గీతల్లో పసుపూ నూనే చేరి కూర్చుంటాయి. చాకుతో గీకినా అంతే.

ఈ స్టిక్కర్ బంక ఆరి గట్టిపడే రకం కాదురా. ఎన్నాళ్లైనా మెత్తగానే ఉంటుంది, అదే దాని పట్టు. వేడి తగిలితే ఇంకా మెత్తబడి వదులవుతుంది, నూనె తగిలితే ఉబ్బి జారుతుంది. నీళ్లు మాత్రం పైనున్న కాగితాన్ని నానబెడతాయి, అంతకుమించి ఏం చెయ్యలేవు. 1935లో అమెరికాలో స్టాంటన్ ఎవరీ అనే ఆయన ఇలా వెనక కాగితం తీసి అంటించే లేబుళ్ల వ్యాపారం మొదలుపెట్టాడు. అంటించేవాళ్లకి సుఖమే, పీకేవాళ్ల గోడు ఎవరికి పట్టింది?

మీ దగ్గర డబ్బాలు చాలా ఉన్నాయి కాబట్టి ఎండనే వాడుకోండి. స్టిక్కర్ వైపు పైకి ఉండేలా డాబా మీద పరిచి, బాగా వేడెక్కాక ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని అప్పటికప్పుడే పీకాలి. లోపలికి తెచ్చి చల్లారబెడితే మళ్లీ మొదటికొస్తుంది. గోరుతో ఒక మూల లేపి, పైకి గుంజకుండా, వెనక్కి మడిచి స్టిక్కర్ మీదుగానే నెమ్మదిగా లాగండి. అలా లాగితే బంక కూడా కాగితంతో పాటే వస్తుంది. తొందరపడ్డారో, పైపొర చిరిగి తెల్ల కాగితం డబ్బాకే ఉండిపోతుంది. మబ్బు పడితే అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ ఉంది కదా, దాన్ని ఒకేచోట పెట్టకుండా అటూ ఇటూ ఆడిస్తే చాలు.

చిరిగిపోయినవాటిని సబ్బు నీళ్లలో నానబెట్టి, బొటనవేలితో రుద్దితే కాగితం ఊడిపోతుంది. ఇక మిగిలేది బంక మరకే. దానికి మన కొబ్బరి నూనెని మించింది లేదు. ఈ ఎండల్లో నూనె నిలవదు, కారిపోతుంది. అందుకని పాత పంచె గుడ్డ ముక్కని నూనెలో తడిపి మరక మీద పరిచి, ఒక పావుగంట వదిలెయ్యండి. (చలికాలంలో అయితే నూనె పేరుకుని ఉంటుంది కాబట్టి గుడ్డ అక్కర్లేదు, రాస్తే అలాగే నిలబడుతుంది.) తర్వాత వేలితో గుండ్రంగా రుద్దుతుంటే బంక బూడిదరంగు నలుసులుగా చుట్టుకుని వేలికి తగులుతూ ఊడుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా అదో తృప్తి! రాత్రంతా మాత్రం నూనెలో ఉంచొద్దు, ప్లాస్టిక్ నూనెని పీల్చుకుంటుంది. ఆఖర్న శనగపిండి చల్లి తుడిచి, గిన్నెల సబ్బుతో కడిగితే జిడ్డు పోతుంది.

మా బావమరిది అయితే చెరువు మీద జనరేటర్‌కి పోసే డీజిల్‌తో ఒక్క తుడుపు తుడిస్తే పోతుందన్నాడు. పోతుంది, నిజమే. ఆ కంపు మాత్రం పోదు. అందులో సున్నుండలు పెట్టి పంపిస్తే సారె పేరు ఊరంతా మోగిపోతుంది! పెట్రోలు, కిరసనాయిలు, థిన్నర్ అన్నీ ఆ బాపతే.

గోళ్ల రంగు తుడిచే ద్రవం ఇంకో ప్రమాదం. డబ్బా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది, చూడండి. 5 ఉంటే గట్టి రకం, వేడికీ నూనెకీ తట్టుకుంటుంది. 6 ఉంటే ఆ ద్రవం తగిలినచోట ప్లాస్టిక్ కరిగిపోతుంది. అద్దంలా మెరిసే గట్టి మూతలు తెల్లబడి పగుళ్లిస్తాయి. 1 అంకె ఉన్న పల్చటి సీసాల్లో వేడినీళ్లు పొయ్యకండి, 70 డిగ్రీలు దాటితే ముడుచుకుపోతాయి. ఏది వాడినా ముందు అడుగున ఒక మూల రాసి చూసుకోమను చెల్లెమ్మని.

అన్నట్టు సారెలో మిక్సీ కూడా పెడుతున్నామన్నావు కదా. దాని అడుగున సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్‌ని ఊపులో పీకేసేరు, వారంటీకి అదే కావాలి. అట్టపెట్టె మీద ధర ఉన్నచోట ఏ పువ్వుల కాగితమో అంటించెయ్యండి, అట్ట మీద నూనె రాస్తే మరకవుతుంది.

గానుగ నూనె ఇక్కణ్ణుంచి పంపమంటావా? గురువారం మావాడు తణుకు వస్తున్నాడు, వాడి చేతికిస్తాను. ఎన్ని డబ్బాలున్నాయో మాత్రం చెప్పు.

నీ
రాంబాబు