పిలిస్తే రాని కుక్కను కొట్టకండి

సంపాదకులు గారికి,

బల్లార్షా, రాజురా వైపు గని కాలనీల్లో, అడవి అంచు ఊళ్లలో కుక్కను పెంచే ఇళ్లు ఎక్కువే. చీకటి పడితే చిరుత కుక్క కోసం ఊరి అంచుకు వస్తుంది. కాబట్టి పిలవగానే కుక్క ఇంట్లోకి రావడం ఇక్కడ ముచ్చటకు నేర్పే విద్య కాదు. రానిదానికి మాత్రం ‘మొండిది’ అని పేరు పెట్టి మూడు ఉపాయాలు చెబుతారు: రెండు తగిలించు, ఒక పూట మాడ్చు, గొలుసు కురచ చెయ్యి. చాలా కుక్కలు మొండికేసేది ఈ మూడింటి వల్లే.

పావుగంట ఊరంతా తిరిగి కుక్క చివరికి వస్తుంది, రాగానే దెబ్బ పడుతుంది. ఒకటి రెండు సెకన్లలోపు జరిగినదాన్నే కుక్క తన పనితో కలుపుకుంటుంది. పారిపోయినందుకు కొట్టామని మనం అనుకుంటాం. దాని లెక్కలో దెబ్బ పడింది వచ్చినందుకు. మర్నాడు పిలిస్తే పది అడుగుల దూరంలో ఆగి చూస్తుంది. దాన్నే పొగరు అంటాం. గుర్రుమన్నందుకు కొట్టడం ఇంకా ప్రమాదం. గుర్రు ఆగుతుంది, భయం ఆగదు; తర్వాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

యజమాని ‘నాయకుడు’ కావాలంటూ కుక్కను వెల్లకిలా పడేసి నొక్కిపట్టే పద్ధతి వీడియోల్లో తిరుగుతోంది. గుంపులో మిగతావాటిని లొంగదీసిందే నాయకుడవుతుందన్న తోడేళ్ల సిద్ధాంతం దాని వెనక ఉంది. అది 1947లో జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ బందీగా ఉన్న తోడేళ్లను చూసి రాసినదాని నుంచి వచ్చింది. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవారిలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో తానే సరిదిద్దారు: అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలే. అయినా వీడియోలు ఆగలేదు.

నిన్నటిదాకా మాట విన్న కుక్క ఉన్నట్టుండి మానేస్తే ముందు చెవిలో చీము, కీళ్ల నొప్పి, పిడుదుల జ్వరం ఉన్నాయేమో డాక్టరుకు చూపించాలి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా వయసు ప్రభావం వల్ల నేర్చినదే మరిచినట్టు ఉంటుంది. అప్పుడు మళ్లీ మొదటి మెట్టు నుంచి చెప్పాలి. కారవాన్ హౌండ్ లాంటి వేటజాతి కదిలేదాన్ని చూస్తే పరుగందుకుంటుంది. పరుగు మొదలయ్యాక అరిచి లాభం లేదు. చెవులు నిక్కి, ఒళ్లు బిగిసిన ఆ క్షణంలోనే పిలవాలి.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. తండ్రి ‘రా’ అంటాడు, బడి పిల్లలు మరాఠీలో ‘ఇకడే యే’ అంటారు, పక్కింటివాళ్లు హిందీలో ‘ఆజా’ అంటారు. ఏ భాషైనా ఫరవాలేదు, అందరూ ఒకే మాట వాడాలి. అరిచి అరిచి అరగదీసిన పాత మాటను వదిలేసి కొత్తది ఎంచుకోవాలి. ఈల అయితే మరీ మంచిది, అందులో మన కోపం వినపడదు.

పాఠానికి ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసుకోవాలి. ఇంట్లో రొట్టెముక్కకే వచ్చే కుక్క వీధిలో దానికి లొంగదు. బయటికి మాంసమే ఉంచుకోండి. ఇవన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు మించకూడదు. మాడ్చనక్కర్లేదు, గిన్నె పెట్టడానికి గంట ముందు పాఠం పెడితే చాలు. అంతకుముందు అరగంట నడిపించాలి. రోజంతా కట్టేసిన కుక్క విప్పగానే పరుగు తప్ప ఇంకేమీ ఎరగదు. ఒక్కో పాఠం ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. 45 డిగ్రీలు దాటే మన వేసవిలో ఎండెక్కకముందే ముగించాలి. చేతి వెనక భాగాన్ని నేలకు ఐదు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి.

మొదట ఇంట్లో రెండడుగుల దూరం నుంచి పిలవండి, ఒక్కసారే. రాగానే ముక్క. పదిసార్లలో ఎనిమిదిసార్లు వెంటనే వస్తే దూరం పెంచండి, తర్వాత వాకిట్లోకి వెళ్లండి. సగంసార్లే వస్తుంటే ఒక మెట్టు దిగండి. వీధిలోకి, మైదానంలోకి వెళ్లేటప్పుడు పది మీటర్ల తాడు కావాలి. దాన్ని మెడపట్టీకి కాక ఛాతీపట్టీకి తగిలించాలి, లేకపోతే కుక్క పరుగెత్తి తాడు చివరికి చేరినప్పుడు మెడ అదురుతుంది. రెండో కొసన ముడి గానీ ఉచ్చు గానీ ఉంటే పొదల్లో చిక్కుకుంటుంది. తాడును చేతికి చుట్టుకుంటే వేళ్లు తెగుతాయి. అది కుక్కను లాగడానికి కాదు, అందకుండా పోకుండా చూడటానికే. పిలిచినా రాకపోతే మళ్లీ పిలవకుండా చప్పట్లు కొట్టి అటువైపు తిరిగి పరుగెత్తండి, చాలా కుక్కలు వెంటపడతాయి.

ఎక్కువమంది చెడగొట్టేది ఆ తర్వాతే. వచ్చిన ప్రతిసారీ గొలుసు వేస్తే, పిలుపంటే ఆట ముగిసిందని కుక్క నేర్చుకుంటుంది. పదిలో ఎనిమిదిసార్లు ముక్క ఇచ్చి మళ్లీ వదిలేయాలి. అలాగే తలుపు దగ్గర అరుపులు. పట్టించుకోవడం మానేస్తే మొదటి కొన్ని రోజులు అరుపులు పెరుగుతాయి. అప్పుడు విసిగి తలుపు తీశామో, ఇంకా గట్టిగా అరవాలని మనమే నేర్పినట్టు.

గొలుసు విషయంలో 1960 జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11 స్పష్టంగా ఉంది: మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో అదేపనిగా కట్టేయడం, ఎప్పుడూ కట్టేసే కుక్కను తిప్పకపోవడం నేరాలు. అందులో రాసిన జరిమానా మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలే, ఎవరు భయపడతారన్నది వేరే సంగతి.

సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం నాడు టీకాలు వేసే చోట, వరుసలో నిలబడ్డవాళ్లకు ఈ పది మీటర్ల తాడు పట్టే తీరు పశువైద్య సిబ్బంది పది నిమిషాలు చూపించాలని మనవి. ఇప్పటికే ఎవరినైనా కరిచిన కుక్కకు మాత్రం ఈ ఉత్తరం చూసి పాఠాలు మొదలుపెట్టవద్దు; మూతికి బుట్ట తొడిగి ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

— ఒక పాఠకుడు, బల్లార్షా, చంద్రపూర్ జిల్లా