తగ్గారన్న లెక్కలో మిరప చేల పిల్లలు ఏరి?

సంపాదకుడు గారికి,

బాల కార్మిక వ్యతిరేక దినం సభ గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి వారం దాటింది. ఊరుకుందామనుకున్నా మనసు ఒప్పక రాస్తున్నాను. దేశంలో బాల కార్మికులు 1.26 కోట్ల నుంచి 43 లక్షలకు పడిపోయారని, పదేళ్లలో మూడింట రెండు వంతులు తగ్గించామని అధికారులు చెప్పారట. మీరూ అలాగే అచ్చు వేశారు. ఏటా జూన్ 12న ఇదే మాట వింటున్నాం. ఈ పోలికే తప్పు. జనాభా లెక్కల పట్టికలు తెరిచి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

2001 నాటి 1.26 కోట్లలో ఏడాదికి ఆరు నెలలు, ఆపైన పనిచేసిన పిల్లలతో పాటు అంతకన్నా తక్కువ కాలం చేసిన పిల్లలు కూడా ఉన్నారు. 2011కు చెబుతున్న 43.53 లక్షల్లో మాత్రం మొదటి రకం వాళ్లే ఉన్నారు. రెండో రకాన్ని కూడా కలిపితే 2011లో 5 నుంచి 14 ఏళ్ల మధ్య పనిచేసే పిల్లలు కోటి దాటుతారు. అంటే తగ్గింది అయిదో వంతు. పోనీ ఆరు నెలలు దాటి చేసిన వాళ్లనే రెండు వైపులా తీసుకుందామన్నా, 2001లో వాళ్లు సుమారు 58 లక్షలు. అప్పుడు కూడా తగ్గుదల పావు వంతే. మూడింట రెండు వంతులు ఎక్కడివి?

ఆరు నెలలకు తక్కువ పనిచేసే పిల్లలెవరో మా ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. దసరా దాటితే పత్తి తీయడం మొదలు. తెల్లారేసరికి ఆటోల్లో కూలీలతో పాటు బడి ఈడు పిల్లలు కూడా కిక్కిరిసి పోతుంటారు. ఆ తర్వాత కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు వెళ్లిపోతాయి. గుంటూరు, ప్రకాశం వైపు మిరప కోతల్లో ఉగాది దాకా అక్కడే. పెద్ద పిల్ల కాయలు కోస్తుంది, లేదంటే గుడారం దగ్గర చంటిపిల్లను చూసుకుంటూ వంట చేస్తుంది. ఇదంతా మూడు నాలుగు నెలల పని. కాబట్టి ఆ పిల్ల 43 లక్షల్లోకి రాదు. హాజరు పట్టీలో పేరుంటుంది కాబట్టి బడి బయట పిల్లల లెక్కలోకీ రాదు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నవంబరు వచ్చిందంటే తరగతి సగం ఖాళీ అవడం చూశాను. తిరిగొచ్చిన పిల్లలకు అక్షరాలు మళ్లీ దిద్దించాల్సి వచ్చేది. కొందరు అసలు తిరిగి రాలేదు.

ఏమీ మారలేదని నేను అనడం లేదు. 1981, 1991 లెక్కల్లో దేశంలో బాల కార్మికులు అందరికన్నా ఎక్కువ ఉన్న రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 1981లో 19.5 లక్షల మంది, 2001 నాటికి 13.6 లక్షల మంది. ఆ తగ్గుదల ఊరికే రాలేదు. రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, దాన్ని నడిపిన శాంతా సిన్హా గారు ఊరూరా తిరిగి, బడికి రాని ప్రతి పిల్లనూ బాల కార్మికురాలిగానే చూడాలని పట్టుబట్టారు. రైతుల దగ్గర జీతాలున్న పిల్లలను విడిపించి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసే బ్రిడ్జి కోర్సుల్లో చదివించి బడుల్లో చేర్చారు. మధ్యాహ్న భోజనం వచ్చింది, 2010 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. పేదవాళ్లకు పిల్లల్ని చదివించాలన్న కోరిక లేదనే పాత అబద్ధం అప్పుడే తేలిపోయింది. ఇంత మంచి పని జరిగిన చోట తప్పుడు పోలిక చెప్పాల్సిన అవసరం ఏముంది?

చట్టం సంగతీ చెప్పాలి. 2016 సవరణతో 14 ఏళ్ల లోపు పిల్లలతో పని చేయించడం అన్ని చోట్లా నేరమైంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల జరిమానా. కానీ బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చారు. ఇప్పుడు ఏ చేను దగ్గర అడిగినా ఒకటే జవాబు, వాళ్లమ్మతో వచ్చింది సార్ అని. పరాయి రైతు చేలో, బడి జరిగే వేళ చేసే పని కుటుంబ సాయం ఎలా అవుతుంది? విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి చేలల్లో, పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్‌కు ఆడపిల్లల్ని తీసుకెళ్లినప్పుడూ ఇదే మాట. తనిఖీలంటే టౌన్‌లో హోటళ్లు, మెకానిక్ షెడ్ల వరకే. పిల్లవాడిని పట్టుకుని ఫొటో దిగి ఇంటికి పంపేస్తారు, నెల తిరక్కుండా వాడు ఇంకో ఊళ్లో గ్లాసులు కడుగుతుంటాడు. ఏ శాఖను అడిగినా సిబ్బంది లేరంటారు. ర్యాలీలకు, ఫ్లెక్సీలకు మాత్రం అందరూ వస్తారు. 1988 నుంచి నడిచిన జాతీయ బాల కార్మిక ప్రాజెక్టును 2021లో బడి చదువుల పథకమైన సమగ్ర శిక్షలో కలిపేశారు. పని మాన్పించిన పిల్లల కోసం నడిపిన ప్రత్యేక బడులు దాంతో పోయాయి. వాటి బదులు మా మండలాల్లో ఏం పెట్టారో సభలో ఒక్కరూ చెప్పలేదు. 2025 కల్లా బాల కార్మిక వ్యవస్థ ఉండదని ఐక్యరాజ్య సమితి లక్ష్యాల్లో రాసుకున్నారు. ఆ గడువు దాటిపోయినా మనం ఇంకా 2011 అంకెలే చదువుతున్నాం. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగనే లేదు.

ఇప్పుడు 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క తీస్తామంటున్నారు. సరిగ్గా ఆ నెలలోనే మా ఊళ్లలో ఇళ్లకు తాళాలుంటాయి. అందుకే అధికారులను అడుగుతున్నాను. లెక్కలు రాసే ఎన్యూమరేటర్లను మిరప చేల పక్క గుడారాలకు, ఇటుక బట్టీలకు కూడా పంపండి. అక్కడున్న ప్రతి పిల్లనూ గడిచిన ఏడాదిలో ఏ పని చేశావని అడిగించండి. ఆరు నెలలు దాటిన వాళ్ల అంకె, దాటని వాళ్ల అంకె, రెండూ జిల్లాల వారీగా ఒకే పట్టికలో ప్రకటించండి. సుగ్గికి వెళ్లే మండలాల్లో, తల్లిదండ్రులు వలస వెళ్లినప్పుడు పిల్లలు ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్లు పిల్లలు వెళ్లిపోయాక జనవరిలో కాదు, దసరా సెలవులు అయిన మర్నాడే తెరవండి. మీ పత్రికను కోరేది కూడా ఒకటుంది. వచ్చే జూన్‌లో ఎవరైనా మళ్లీ 43 లక్షలు అంటే, అందులో ఎవరిని కలిపారు, ఎవరిని వదిలేశారు అని మీ విలేకరితో అక్కడే అడిగించండి.

— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఆదోని