ఝోలా ఆర్కిడ్లను పూసే కాలంలో వచ్చి చూడండి

ఒడిశా అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

మా కొరాపుట్ జిల్లాలో కొండల నడుమ వాగు పారే పల్లపు భూముల్ని ఝోలా అంటారు. చాలావరకు వరి మడులే. మడికీ కొండకీ మధ్య మాత్రం నీరు ఊరే గడ్డి చిత్తడి కాస్త మిగిలి ఉంటుంది. నేల ఆర్కిడ్లు పెరిగేది అక్కడే. అలాంటిచోట చెరువు పనికో, నీలగిరి మొక్కల గుంతలకో ముందు అధికారులు తనిఖీకి వచ్చేది మండువేసవిలో. అప్పుడు హాబెనేరియా అనే నేల ఆర్కిడ్‌కు ఆకు కూడా ఉండదు, దుంప నేలలో నిద్రపోతుంటుంది. ఏమీ లేదని రాసేసి వెళ్లిపోతారు. మా ఊరి పక్క చిత్తడి అలాగే పోయింది. ఆ బాధతోనే ఈ ఉత్తరం.

ఆగస్టు, సెప్టెంబరుల్లో రండి. గడ్డిలోంచి నిటారుగా లేచిన కాడకు తెల్లగానో లేతాకుపచ్చగానో పూలుంటాయి. పువ్వును పక్కనుంచి చూస్తే వెనక సన్నని తోక వేలాడుతుంది, తేనె ఉండేది అందులోనే. అదీ హాబెనేరియా. అందులో ఏ జాతో తేల్చాలంటే ఆ తోక పొడవు, కింది రేకు చీలికలు చూడాలి. కాబట్టి ముందునుంచి, పక్కనుంచి, ఆకులతో సహా ఫోటోలు తీయాలి. మొక్కను పీకక్కర్లేదు. జ్యూక్సీన్ అనే ఇంకో నేల ఆర్కిడ్ కావాలంటే చలికాలంలో రావాలి. జానెడే ఉంటుంది. ఎర్రగోధుమ కాడ, సన్నటి ఆకులు, చిన్న తెల్లపూలలో పసుపు పెదవి. గట్టు మీద మోకాళ్లూని వెతికితే తప్ప కనబడదు, కనబడితే ఎంత సంతోషమో!

తవ్వి నర్సరీలో పెడతామని ఒక అధికారి మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆర్కిడ్ గింజ ధూళంత ఉంటుంది, లోపల మొలకకు ఆహారం ఉండదు. నేలలోని శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది. ఆ నేలనూ ఊటనూ నర్సరీకి తీసుకెళ్లలేం కదా.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊళ్లలో కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలి. వాటిలో ఈ మొక్కల్ని రాయించండి. ఏ పువ్వు ఎక్కడ పూస్తుందో పశువులు కాసేవాళ్లకు తెలుసు. వాళ్లకు కూలి ఇచ్చి తనిఖీకి వెంట తీసుకెళ్లండి. ఫారెస్టు గార్డులకు ఒడియాలో, తెలుగులో, కువిలో బొమ్మల పుస్తకం ఇవ్వండి. దుంపలు తవ్వుకుపోయే ప్రమాదం ఉంది కనుక మొక్కలున్న చోటు మాత్రం బయటపెట్టకండి.

వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూసేదాకా ఝోలాల పక్కన తవ్వకాలు ఆపమని కొరాపుట్, జయపురం అటవీ డివిజన్లకు ఉత్తర్వు ఇవ్వాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
జయపురం నుంచి ఒక తెలుగు పౌరుడు