ఫుట్సాల్ పోటీలు శ్రీకాకుళంలో పెడితే ఏం?

ఎడిటర్ గారూ, 2024లో ఉజ్బెకిస్తాన్‌లో ఫుట్సాల్ (అంటే హాల్లో ఆడే చిన్న ఫుట్‌బాల్) వరల్డ్ కప్ జరిగింది, 24 టీములొచ్చాయి, ఫైనల్లో బ్రెజిల్ 2-1తో అర్జెంటీనాని కొట్టింది. ఇది మన జిల్లాకెందుకు అంటారేమో, ఎందుకంటే దీనికి పెద్ద గ్రౌండేం అక్కర్లేదండీ, 40 మీటర్ల పొడుగు 20 మీటర్ల వెడల్పు కోర్టు, టీముకి అయిదుగురు, అంతే. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి పుట్టిన జిల్లా ఇది, పిల్లల్లో దమ్ముంది. లేనిదల్లా సరైన ఫ్లోరే. మావాడు ఆడే హాల్లో వానొస్తే బకెట్లు పెడతారు, టైల్స్ మీద జారి మొన్న మోకాలు చీరుకుపోయింది. ముందు చెక్క ఫ్లోరు, కారని రేకులు వేయించండి, నేపాల్ భూటాన్ కుర్రాళ్లని పిలిచి చిన్న టోర్నీ పెడదాం. ఎయిర్‌పోర్టంటారా, భోగాపురం ఎంత దూరమని!

- ఓ ఆటగాడి తండ్రి, శ్రీకాకుళం