భూకంప పాఠంలో మన దేశపు కథ ఏది?

అయ్యా,

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ ఆ అదురు తెలిసింది. భూకంపంలో ముందుగా వచ్చే పి, దాని వెనకే వచ్చే ఎస్ తరంగాల గురించి బడిలో చదువుకున్నవాళ్లం మనలో చాలామందిమే. కానీ చదివింది ‘రెండింటికీ తేడాలు రాయండి’ అనే ప్రశ్న కోసం! ఆ తేడా ఎలా బయటపడిందో పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

1849లో రాబర్ట్ మాలెట్ అనే ఐర్లండ్ ఇంజనీరు, డబ్లిన్ దగ్గరి కిల్లైనీ బీచ్‌లో తుపాకీమందు పాతి పేల్చాడు. దూరంగా ఒక పాత్రలో పాదరసం పోసి, అందులోని ప్రతిబింబం ఎప్పుడు చెదురుతుందో కనిపెట్టి చూశాడు. అదురు వేగం ఇసుకలో సెకనుకు సుమారు 250 మీటర్లు, గ్రానైట్‌లో 500 మీటర్లు అని తేల్చాడు. గ్రానైట్ లెక్క దారుణంగా తప్పింది, అసలు వేగం దానికి పదింతలు. ముందుగా వచ్చే సన్నటి అదురు పాదరసానికి అందలేదు మరి. అయినా భూకంపాన్ని కొలిచి చూడొచ్చన్న ధైర్యం ఇలాంటి పనుల వల్లే వచ్చింది.

అసలు మలుపు మన దేశానిదే. 1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. భారత భూవిజ్ఞాన సర్వే అధికారి ఆర్.డి. ఓల్డ్‌హామ్ దాని మీద పెద్ద నివేదిక రాశాడు. ఎక్కడో ఇటలీలోని పరికరాలు గీసిన గీతలు చూస్తే, ఒకే భూకంపం మూడు విడతలుగా అక్కడికి చేరింది: ముందు పి, తర్వాత ఎస్, చివర నేల పైపొరను పట్టుకుని వచ్చే తరంగాలు. 1906లో ఇదే దారిలో వెళ్లి భూమి నడిమధ్యలో వేరుగా ఒక గర్భం (కోర్) ఉందని కూడా చూపించాడు.

ఇది ఇప్పటికీ పనికొచ్చే లెక్క. దగ్గరి భూకంపాల్లో పి, ఎస్‌ల రాక మధ్య ఒక్కో సెకను తేడాకు, భూకంప కేంద్రం సుమారు 8 కిలోమీటర్ల దూరం. ములుగు అదురు కేంద్రం హైదరాబాద్‌కు రెండొందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి, ఇక్కడ ఆ తేడా పాతిక సెకన్లు దాటాలి. పరికరం గీసిన గీత మీద స్కేలు పెట్టి తొమ్మిదో తరగతి పిల్లలు కొలవగలిగిన పనే ఇది.

హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) నుంచి ఆ రోజు రికార్డు తీసుకుని, ఓల్డ్‌హామ్ కథతో కలిపి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ వేయాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను. తేడాల పట్టికను తీసేసినా నష్టం లేదు.

— విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, హనుమకొండ